పేపర్లో ఒక మాట, ఫోన్లో ఒక మాట

రిటైరయ్యాక మనిషి నిమ్మళంగా కూర్చుంటాడని చాలామంది చెప్పారు. ఆ నిమ్మళం నాకింకా చిక్కలేదు. పొద్దున్నే గేటు దగ్గర పేపరు పడిన చప్పుడు కాగానే లేస్తాను. జిల్లా పేజీలు మంచం మీద పరుస్తాను. పక్కనే ఫోన్‌లో అదే పత్రిక వెబ్‌సైట్ తెరుస్తాను. ఒక్కో వార్త ఇక్కడెలా ఉంది, అక్కడెలా ఉంది అని చూసుకుంటూ పోతాను. శీర్షిక ఎందుకు మారింది? అక్కడున్న పేరు ఇక్కడెందుకు లేదు? నిన్న సాయంత్రం ఫోన్‌లో కనిపించిన ఫొటో ఈ పొద్దుకు ఏమైంది? ఈలోగా చాయ్ చల్లారిపోతుంది. మా ఆవిడ రజియా దాన్ని మళ్లీ వేడిచేసి తెచ్చి, "పగార్ బందైనా మీ నౌకరీ బంద్ కాలేదు" అంటుంది.

కాలేదు. ఏం చేయను?

ఈమధ్య డెస్కులో కొత్తగా చేరినవాళ్లు కొందరు, "జలీల్ సార్, మీ అనుభవాలు రాయండి" అని అడుగుతున్నారు. నాకు ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందో వాళ్లకు అక్కర్లేదు. వాళ్లకు పనికొచ్చేది ఒకటుంది. నేను పనిచేసిన కాలంలోనే ఒక పత్రిక రెండైంది. ఒకటి కాగితం మీద, ఒకటి తెర మీద. పేరొకటే, కింద తిరిగే విలేకరి ఒకడే. అయినా రెండూ ఎప్పుడూ ఒకే మాట చెప్పవు. ఆ తేడా వచ్చి ఒక మనిషి నెత్తిన పడితే ఏమవుతుందో దగ్గర నుంచి చూశాను. అదే రాస్తున్నాను.

తాండూరు పేజీ ముందు పోయేది

నేను పుట్టింది తాండూరులో. మా నాన్న నాపరాళ్లు పాలిష్ పట్టే కార్ఖానాలో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. మాకు ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, బజారుకు పోతే కన్నడం. తెలుగు రాయడం బడిలో అబ్బింది, చివరికి అదే అన్నం పెట్టింది. తాండూరు టౌన్ విలేకరిగా మొదలై, డెస్కులోకి వచ్చి, వికారాబాద్ జిల్లా అయ్యాక అక్కడి ఆఫీసులో జిల్లా పేజీలు చూసుకున్నాను. రిటైరయ్యే దాకా అదే కుర్చీ.

బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. పేపరు అచ్చయ్యేది హైదరాబాద్ దగ్గర. కట్టలు ఎక్కించుకున్న వ్యాను చేవెళ్ల, మన్నెగూడ మీదుగా వికారాబాద్ వచ్చి, తర్వాత తాండూరు చేరాలి. ఎంత దూరం పోవాలో అంత ముందుగా అచ్చు కావాలి. అందుకని తాండూరు పేజీని అన్నిటికంటే ముందు మూసేసేవాళ్లం, ఆపైన కొత్త వార్త ఎక్కదు. రోడ్డుకు ఆ చివరనున్న ఊరికి ఎప్పుడూ కాస్త పాత వార్తే దక్కేది. తాండూరువాణ్ని కనుక ఆ మూత పడినప్పుడల్లా నాకు లోపల ఏదో గుచ్చుకునేది.

అప్పటి మా డెస్క్ చీఫ్ రాజారాంగారు. గొంతు పెద్దది, కోపం ఇంకా పెద్దది. పేజీ వదిలే ముందు అందులో ఉన్న ఒక్కో పేరు మీదా వేలు పెట్టి, "ఈ మనిషి రేపు బస్టాండ్‌ల ఎదురైతే ఏం చెప్తవ్?" అని అడిగేవాడు. నా దగ్గర జవాబుంటే పేజీ పోయేది. లేకపోతే పేరు పోయేది. ఆయన్ని దేవుణ్ని చేసి చెప్పను. తనకు తెలిసిన కాంట్రాక్టర్ల మీద వార్త వస్తే ఆ వేలు ఇంకాస్త ఎక్కువసేపు అక్కడే ఉండేది. కొన్ని పేర్లు అలా కూడా పోయాయి. అయినా ఆ ప్రశ్న మంచిది. ఊరి పత్రికకు, పట్నం పత్రికకు తేడా అదే. మనం రాసినవాడు పొద్దున్నే మనకు ఎదురవుతాడు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. పేపరుకున్న ఓపిక మా గుణం కాదు. యంత్రం తిరిగే వేళ దాకా ఆగక తప్పదు కాబట్టి ఆగాం. ఆగిన కాస్త వ్యవధిలో నలుగురిని అడిగాం. అలా అడగడాన్ని మా నీతి అనుకుని మురిసిపోయాం. వెబ్‌సైట్ వచ్చి, ఆగాల్సిన పని లేదని చెప్పింది. ఎవరి నీతి ఎంతో అప్పుడు బయటపడింది.

కాగ్నా పొంగిన రోజు

వెబ్‌సైట్‌ను తిడుతూ రాయడం నా ఈడువాళ్లకు తేలిక. నేనది చేయను, ఎందుకంటే కాగ్నా పొంగిన రోజు నేను డెస్కులో ఉన్నాను.

ఆ పొద్దున మా పేపర్లో తాండూరు పక్కన పారే కాగ్నా ఫొటో వేశాం. వాగులో కొత్తనీళ్లు, ఒడ్డున నవ్వుతున్న పిల్లలు. పేజీ మూసే సమయానికి నీళ్లు వంతెన కిందే ఉన్నాయి. పేపరు తాండూరులో దిగేసరికి వంతెన మీద పారుతున్నాయి. మా తాండూరు విలేకరి తడుస్తూ నిలబడి వీడియో తీసి పంపాడు. హైదరాబాద్‌లో వెబ్ డెస్కువాళ్లు దాన్ని అప్పటికప్పుడు పెట్టారు. ఆ సమయంలో కర్ణాటక వైపు నుంచి పెళ్లివారి బస్సొకటి తాండూరు వస్తోంది. బస్సులో కూర్చున్న ఒకమ్మాయి ఫోన్‌లో ఆ వీడియో చూసి కేకపెట్టింది. డ్రైవర్ ఒక హోటల్ దగ్గర బస్సు ఆపేశాడు. నీళ్లు తగ్గేదాకా పెళ్లివారంతా అక్కడే ఇడ్లీలు తింటూ కూర్చున్నారు.

తర్వాత పెళ్లికొడుకు తండ్రి మిఠాయి డబ్బా పట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. "మీ పేపరు చూసి ఆగినం సార్, లేకుంటే ఏమయ్యేదో" అన్నాడు. పేపరు చూసి ఉంటే ఆగేవాళ్లు కాదు. ఆ మాట నేను ఆయనతో అనలేదు. మిఠాయి మాత్రం తిన్నాను.

అందుకని చెబుతున్నాను, తొందర అనేది తప్పు కాదు. కంటి ముందు పారుతున్న నీళ్ల గురించి తొందరపడితే ప్రాణాలు నిలుస్తాయి. కంటికి కనపడని కారణం గురించి తొందరపడితే ఏమవుతుందో ఆ తర్వాత కొన్నాళ్లకు చూశాను.

దోమ దిక్కు నుంచి ఫోన్

దోమ, కుల్కచర్ల మండలాలకు మా విలేకరి నర్సింలు. పరిగిలో జిరాక్స్ సెంటర్ నడుపుకుంటూ వార్తలు పంపేవాడు. మనిషి మంచివాడు, కాళ్లకు చక్రాలున్నట్టు తిరుగుతాడు. ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"సార్, దోమ దిక్కు ఒక బడిల పిల్లలకు వాంతులైతున్నయ్. మధ్యాహ్నం అన్నం తిన్నంక మొదలైనయంట. పరిగి దవాఖానకు తీస్కపోతున్నరు."

"పిల్లలెట్లున్నరు?"

"పానాలకు ఫికర్ లేదని డాక్టర్ చెప్పిండు. భయపడ్డరు సార్, మస్తు ఏడుస్తున్నరు. ఫొటోలు గ్రూపుల పెట్టిన."

ఆ ఊరి పేరు రాయను. అక్కడివాళ్లు పడాల్సింది అప్పుడే పడ్డారు.

నర్సింలు ఫొటోలు పెట్టింది విలేకరులు, జిల్లా డెస్కు, వెబ్ డెస్కు అందరూ ఉన్న వాట్సాప్ గ్రూప్‌లో. నేను తెరిచేసరికే వార్త వెబ్‌సైట్‌లో ఉంది. "వంటమనిషి నిర్లక్ష్యం.. చిన్నారుల ప్రాణాల మీదికి" అని శీర్షిక. కింద ఒక స్త్రీ ఫొటో. బడి వంటగది ముందు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు వెడల్పు చేసుకుని నిలబడి ఉంది. కింద ఆమె పేరు, ఊరు. బాలమణి.

వెంటనే నర్సింలుకు ఫోన్ చేశాను.

"వంటామె నిర్లక్ష్యం అని ఎవరన్నరు నర్సింలూ?"

"ఒక పిల్లగాని తండ్రి సార్. మస్తు గరమైండు. బియ్యం కడగలే, పురుగులున్నయ్ అని ఒర్లిండు. ఆయనన్న మాట గ్రూపుల పెట్టిన. హెడ్డింగ్ నేను పెట్టలే."

"వండేటప్పుడు ఆయన ఆడ ఉండెనా?"

"లేడు సార్. పొలంకాడికెల్లి ఉరికొచ్చిండు."

"ఇంటికెల్లి అన్నం డబ్బ తెచ్చుకునే పిల్లలుంటరు గద. వాళ్లకు గూడ వాంతులైనయా? వండినోళ్లు అదే అన్నం తిన్నరా? జర అడుగు. పేజీకి ఇంక టైమున్నది."

పొద్దు వాలాక నర్సింలు మళ్లీ చేశాడు.

"సార్, డబ్బ తెచ్చుకున్న పిల్లలకు గూడ అయినయ్. వంటామె, ఆమెతోని ఉండేటామె, ఇద్దరు గదే అన్నం తిన్నరు. వాళ్లకేం కాలే. వాళ్లు బయట బోరింగు నీళ్లు తాగుతరు. పిల్లలు బడిమీది ట్యాంకు నీళ్లు తాగుతరు. డాక్టర్ గూడ నీళ్లు పరీక్షకు పంపాలె అంటున్నడు."

పేపర్లో మేం అదే వేశాం. "బడి పిల్లలకు అస్వస్థత.. తాగునీటిపై అనుమానం." బాలమణి పేరు లేదు, ఫొటో లేదు. డెస్కులో ఆ పేజీ పంపినప్పుడు నాకు తృప్తిగా ఉండాలి. లేదు. ఫోన్‌లో అవతలి శీర్షిక అలాగే ఉంది. చేతిలో ఫోన్ పెట్టుకుని ఆఫీసులో అటూ ఇటూ తిరిగాను.

వెబ్ డెస్కు చూసేది శ్రావణి. గుంటూరు వైపు అమ్మాయి, ముప్పై దాటి ఉండదు. పనిమంతురాలు. కాగ్నా వీడియో పెట్టించింది కూడా ఆమే. ఆమెకు ఫోన్ చేశాను.

"శ్రావణీ, ఆ పాత ఐటెం ఇంక అట్లనే ఉన్నది."

"కొత్తది కూడా పెట్టాం కదండీ సార్. నీళ్ల సంగతి అందులో ఉంది."

"పాతది చదివినోడు కొత్తది చదువుతడా?"

"చదవడు సార్. నాకూ తెలుసు. కానీ పాతది ఇవాళ ఎక్కువమంది చదివినవాటిలో ఉంది. దాన్ని ముట్టుకుంటే పైవాళ్లు నన్ను అడుగుతారు."

ఆమె అబద్ధం చెప్పలేదు. నా పేజీని ఎంతమంది చదివారో నాకు ఎవరూ చెప్పరు. ఆమెకు మాత్రం ప్రతి గంటా ఒక తెర చూపిస్తూనే ఉంటుంది. ఆ తెర ముందు కూర్చుని ఉంటే నేనేం చేసేవాణ్నో చెప్పలేను.

మీరు ఏ మాట మీద ఉన్నరు?

కొద్దిరోజులకు నీళ్ల పరీక్ష ఫలితం వచ్చింది. బడి ట్యాంకుకు వచ్చే పైపు పగిలి మురుగునీళ్లు కలుస్తున్నాయని తేలింది. అది కూడా పేపర్లో వేశాం. ఇక అయిపోయిందనుకున్నాను.

ఒక రోజు ఆఫీసులోకి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒకామె నడివయసు మనిషి. పక్కన ఆమె బిడ్డ, కాలేజీ బ్యాగు తగిలించుకుని. ఫొటోలో కొంగు అడ్డం ఉన్నా ఆ కళ్లను గుర్తుపట్టాను.

"నా పేరు బాలమణి" అందామె. "మీరు నా ఫొటో ఏసిన్రు."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. ఊళ్లో హోటల్ దగ్గర అడిగి తెచ్చుకున్న మా పేపరు బల్ల మీద పరిచింది. బిడ్డ చేతిలోంచి ఫోన్ తీసుకుని దాని పక్కనే పెట్టింది.

"సారూ, గీ పేపర్ల నీళ్లతోని అయిందని ఉన్నది. గీ ఫోన్ల నాతోని అయిందని ఉన్నది. రెండిట్ల మీ పేరే ఉన్నది. మీరు ఏ మాట మీద ఉన్నరు?"

"పేపర్ల ఉన్నదే నిజం అమ్మా."

"మరి గీది ఎవరు రాసిన్రు?"

"హైదరాబాద్‌ల రాసిన్రు."

"హైదరాబాద్ మీది కాదా?"

ఇన్నేళ్లలో నన్ను చాలామంది చాలా అడిగారు. అంత సూటిగా ఎవరూ అడగలేదు. రాజారాంగారి వేలు ఆ ఫొటో మీద పడి ఉంటే ఆ పేరు పోయేది. కానీ హైదరాబాద్‌లో వార్త పెట్టినవాళ్లకు బాలమణి ఏ బస్టాండ్‌లోనూ ఎదురుకాదు. వచ్చేది నా దగ్గరికే.

బిడ్డ పేరు మౌనిక. పరిగిలో ఇంటర్ చదువుతోంది. అంతసేపూ మాట్లాడని పిల్ల ఒక్కసారిగా అందుకుంది. "మా కాలేజ్ గ్రూపుల ఎవరో పెట్టిన్రు సార్. నేను గ్రూపులకెల్లి బయటికొచ్చిన. మళ్ల కలిపిన్రు. మళ్ల పెట్టిన్రు. మీ అమ్మ వండితే మేం తినం అని నవ్వుతున్నరు."

"బడి కమిటోళ్లు వంట బంద్ పెట్టుమన్నరు" అంది బాలమణి. "నీళ్లు మంచిగ లేవని తేలినంక గూడ రమ్మంటలేరు. అడిగితే ఫోన్ చూపెడుతున్నరు. గీ పిల్ల గూడ గా బడిల నా చేతి అన్నమే తిని చదివింది సారూ. నా బిడ్డకు పెట్టిన చేతితోనే గా పిల్లలకు పెట్టిన."

పేపరు మడిచి సంచిలో పెట్టుకుంది. దాన్ని మళ్లీ హోటల్లో ఇచ్చేయాలట.

తీసేశారు

మర్నాడు రైలెక్కి హైదరాబాద్ పోయాను. శ్రావణి నన్ను వెంటబెట్టుకుని వెబ్‌సైట్ మొత్తానికి పైనుండే పెద్దసారు దగ్గరికి తీసుకెళ్లింది. పెద్ద గది. గోడనిండా తెరలు, వాటి మీద అంకెలు కదులుతున్నాయి. నేను చెప్పినంతసేపూ ఆయన చూపు వాటి మీదే ఉంది. చివరికి ఒక్కటే అడిగాడు.

"ఆమె కోర్టుకు పోతుందా?"

"తెలియదు సార్. వంట పని పోయింది. బిడ్డ కాలేజీకి పోలేకపోతోంది."

"సరే, తీసేయండి. గొడవ లేకుండా."

తిరిగి శ్రావణి బల్ల దగ్గరికి వచ్చేలోపే వార్త మాయమైంది. ఇంత సులువా అనిపించింది. కాగితం మీద అచ్చయిన తప్పును ఏ దేవుడూ చెరపలేడు, ఇక్కడ ఒక్క వేలు చాలు. వికారాబాద్ వచ్చేదాకా రైల్లో హాయిగా నిద్రపోయాను.

ఆ వారంలోనే బాలమణి ఫోన్ చేసింది.

"సారూ, గది తీసేపిచ్చింది మీరేనా?"

"అవునమ్మా. ఇగ ఫికర్ చెయ్యకు."

"ఫికర్ ఇప్పుడు మొదలైంది సారూ!" అని అరిచినంత పని చేసింది. "లింకు నొక్కితే ఏం లేదని వస్తున్నదంట. లీడర్లను పట్టుకోని తీపిచ్చుకున్నది అంటున్నరు. తప్పు లేకుంటే ఎందుకు తీపిచ్చుకుంటది అంటున్నరు. గా వార్తను అందరు ఫోన్ల ఫొటోలు తీసి పెట్టుకున్నరు. అవి ఎవరు తీస్తరు?"

"మరి ఏం చెయ్యమంటవమ్మా?"

"మళ్ల పెట్టుండ్రి."

తప్పుగా విన్నాననుకున్నాను. "ఏందమ్మా?"

"ఏడ పెట్టిన్రో ఆడనే మళ్ల పెట్టుండ్రి. దాని నెత్తిమీద, మేం తప్పు రాసినం అని రాయుండ్రి. అప్పుడు ఎవరు నొక్కినా అదే కనపడ్తది."

మళ్లీ పెట్టడానికి పట్టిన కష్టం

శ్రావణికి చెప్పాను. "తీసేయమని రోజూ ఫోన్లు వస్తాయి సార్. మళ్లీ పెట్టమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు" అంది. తర్వాత, "ఆమె చెప్పింది నిజమే సార్. తీసేస్తే మనం తప్పించుకున్నాం. ఆమె తప్పించుకోలేదు" అంది.

పెద్దసారు ఒప్పుకోలేదు. తప్పు రాశామని మనమే రాసుకుంటే రేపు మనల్ని ఎవరు నమ్ముతారన్నాడు. శ్రావణి మళ్లీ అడిగింది. నేను మళ్లీ అడిగాను. చూద్దాం అన్నాడు. ఆఫీసుల్లో చూద్దాం అంటే చూడం అని అర్థం.

ఆ రోజుల్లో సాయంత్రాలు వికారాబాద్ స్టేషన్‌కు పోయి ప్లాట్‌ఫాం మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాణ్ని. రిటైర్‌మెంట్ దగ్గరికి వచ్చింది. నోరు మూసుకుని ఉంటే దండ వేసి, శాలువా కప్పి పంపిస్తారు. రజియాకు విషయమంతా చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది. "పేపరు పేజీ ఇంకా మీ చేతిలోనే ఉంది కదా?"

ఉంది.

మరుసటి రోజు జిల్లా పేజీలో పైన, పాత ఫొటో కాకుండా నర్సింలు కొత్తగా తీసి పంపిన బాలమణి ఫొటోతో ఒక వార్త వేశాను. మా వెబ్‌సైట్‌లో ఆమె మీద వచ్చిన వార్త తప్పని, పిల్లల అస్వస్థతకు ఆమె వంట కారణం కాదని, జరిగినదానికి చింతిస్తున్నామని రాశాను. సవరణలను లోపలి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో వేయడం మా పత్రికల అలవాటు. ఆ అలవాటు పాటించలేదు. హైదరాబాద్‌ను అడగలేదు.

పొద్దున్నే పెద్దసారు ఫోన్. "మన పేపర్లో మన వెబ్‌సైట్ మీదే రాస్తారా? ఎవరిని అడిగి వేశారు?"

"ఎవరినీ అడగలేదు సార్. రెండూ మనవే కాబట్టి వేశాను."

ఫోన్ పెట్టేశాడు. పేజీల పని నుంచి నన్ను తప్పిస్తారనుకున్నాను. ఆ మధ్యాహ్నం అంతా ఫోన్ మోగినప్పుడల్లా ఆయనేనేమో అని పేరు చూసుకున్నాను. నాలుగైదు సార్లు మోగినా ఎవరెవరో చేశారు, ఆయన మాత్రం చేయలేదు.

సాయంత్రం శ్రావణి ఫోన్ చేసింది. "సార్, లింక్ తెరిచి చూడండి."

తెరిచాను. పాత వార్త పాత చోటనే ఉంది. కానీ శీర్షిక మీద, ఎర్ర అక్షరాల్లో, "ఈ వార్త తప్పు" అని ఉంది. దాని కింద అసలు జరిగిందేమిటో నాలుగు వాక్యాలు. శ్రావణి ఆ రోజు పేపరు పేజీ ఫొటో కూడా పెట్టింది. పేపరు ఒప్పుకున్నాక వెబ్‌సైట్ ఒప్పుకోకపోతే రెండింటినీ ఎవరూ నమ్మరని పెద్దసారుతో వాదించిందట. ఆయన పెట్టమనలేదు, వద్దనలేదు. ఆమె పెట్టేసింది.

ఇక్కడ కుర్రవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. నేను పేపర్లో వేసిన వార్త ఆ ఊళ్లో ఎంతమంది చదివారు? హోటల్ దగ్గర కొందరు. ఊరి మనసు మార్చింది అది కాదు. వాట్సాప్‌లో ఎప్పుడో వచ్చిన పాత లింకును మళ్లీ నొక్కిన ప్రతివాడికీ ఇప్పుడు ఆ ఎర్ర అక్షరాలు కనిపించాయి. ఏ దారిన తప్పు పోయిందో అదే దారిన దిద్దుబాటు కూడా పోయింది. కాగితానికి ఆ శక్తి లేదు. నిన్నటి పేపరు ఏ ఇంట్లో ఉందో వెతికి, దాని మీద రాసి రాలేం కదా.

మౌనిక ఆ లింకును కాలేజీ గ్రూపులో తనే పెట్టిందట. ఎవరూ ఏమీ అనలేదట. "సప్పుడు లేదు సార్" అంది ఫోన్‌లో. ఆ మాటలో గెలుపు ఉంది.

కమిటీవాళ్లు పైపు బాగుచేయించి బాలమణిని మళ్లీ పిలిచారు. అంతా కథలోలాగా ముగిసిందని చెప్పను. రెండిళ్లవాళ్లు ఇప్పటికీ పిల్లలకు డబ్బా కట్టి పంపుతున్నారు. ఆ రోజు బడి దగ్గర అరిచిన తండ్రి ఆమె ఎదురైతే తల పక్కకు తిప్పుకుంటాడు. "తిప్పుకోనీయండి సారూ, ఆయన పిల్లగాడైతే రెండుమార్లు పెట్టించుకుంటుండు" అని నవ్వింది బాలమణి.

కొత్తవాళ్ల ముందు

నేను రిటైరయ్యాక శ్రావణి ఒక రోజు పిలిచింది. వెబ్ డెస్కులో కొత్తగా చేరినవాళ్లతో మాట్లాడమంది. వెళ్లి ఈ కథంతా చెప్పాను. ఏది కళ్లతో చూశామో అది వెంటనే పెట్టండి, ఎందుకు జరిగిందో తెలిసేదాకా ఆగండి, తెలియనిదాన్ని తెలియదని రాయడానికి సిగ్గుపడకండి అన్నాను.

వెనక వరసలోంచి దివ్య అనే అమ్మాయి లేచింది. "సార్, మీరు నలుగురిని అడిగేలోపు వేరేవాళ్లు కారణం కూడా పెట్టేస్తారు కదా?"

"పెడతారు."

"అప్పుడు మనం?"

"వెనకబడతాం."

గదిలో కొందరు నవ్వారు. దివ్య నవ్వలేదు. "వెనకబడితే మా పని పోతుంది సార్. మీది పోలేదు."

అది నిజం. నా కాలంలో వెనకబడినవాణ్ని యంత్రం కాపాడింది. వాళ్లను కాపాడేది ఏదీ లేదు. ఏదో ఒకటి చెప్పి దాటేయవచ్చు, కానీ ఆ పిల్ల కళ్లలోకి చూస్తూ దాటేయలేకపోయాను. "నా దగ్గర జవాబు లేదమ్మా" అన్నాను. వికారాబాద్ రైల్లో కిటికీ పక్కన కూర్చుని దారంతా జవాబు కోసం వెతికాను. ఇంకా దొరకలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా లేదు. అనుభవం ఉన్నవాడి దగ్గర అన్నిటికీ జవాబులుంటాయని అనుకోకండి.

ఈమధ్య పూడూరు దగ్గర ఒక ప్రైవేటు బస్సు రోడ్డు దిగి పొలంలో పడింది. అదృష్టం బాగుండి అందరూ దెబ్బలతో బయటపడ్డారు. క్షణాల్లో ఫోన్ల నిండా వార్త. ఒక చోట డ్రైవర్ తాగాడని, ఒక చోట నిద్రపోయాడని, ఇంకోచోట ఫోన్ మాట్లాడుతున్నాడని. డ్రైవర్ ఫొటో, పేరు, ఊరు. నా చేతులు ఆగలేదు. మా పత్రిక వెబ్‌సైట్ తెరిచాను.

"పూడూరు వద్ద పొలంలోకి దూసుకెళ్లిన బస్సు.. కారణం ఇంకా తెలియలేదు."

డ్రైవర్ పేరు లేదు. గాయపడ్డవాళ్లను ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారో, వాళ్లవాళ్లు ఎక్కడికి రావాలో ఉంది. రాసింది ఎవరో తెలియదు, అడగలేదు. చీకటి పడేదాకా దాన్ని మళ్లీ మళ్లీ తెరిచి చూస్తూనే ఉన్నాను, ఎవరైనా వచ్చి ఆ శీర్షిక మార్చేస్తారేమోనని.

మార్చలేదు.